పేర్లు అడగని తొవ్వ

కోదాడ తాలూకా, అనంతగిరి పక్క ఊరు
1 ఏప్రిల్ 1949

తమ్ముడు బిక్షపతికి అక్క సత్తమ్మ దీవెనలు.

ఇక్కడ మేము, గొర్రెలు, మేకలు అందరం బాగున్నాం. మొన్న ఉగాదికి అయ్యవారు వచ్చి కొత్త ఏడు పేరు విరోధి అని చెప్పిపోయాడు. పోయిన ఏటి కంటే పెద్ద విరోధి ఇంకేం వస్తుందిలే అన్నాను.

ఈ ఉత్తరం నా కోడలు బుచ్చమ్మ రాస్తున్నది. జగ్గయ్యపేటలో నాలుగో తరగతి దాకా చదివిన పిల్ల. నేను ఒకటి చెబితే దాన్ని ఉతికి ఇస్త్రీ చేసి రాస్తుంది. ఎక్కడన్నా మడతలు మిగిలితే అవి నావి అనుకో.

పని మాట చెబుతా. వైశాఖ పున్నమికి తొవ్వ పట్టి నిమ్మళయ్య దిబ్బకు నడిచి పోవాలి. పోయిన ఏడు రజాకార్ల గడబిడలో ఎవరం ఊరు దాటలేదు. మన అమ్మ అనే మాట నీకు యాదుందో లేదో. "ఒక్క ఏడు తప్పితే తొవ్వ అలుగుతది, రెండేండ్లు తప్పితే మనల మరుస్తది." నాయనమ్మ చేతిలో తప్పలేదు, అమ్మ చేతిలో తప్పలేదు. పాల ముంత పట్టుకొని ముందు నడవడం నాకు వచ్చినంక ఒకసారి తప్పింది. ఈ ఏడు కూడా తప్పితే ఆ ముంత నా తర్వాత ఎవరికి అప్పజెప్పను? ఏమని అప్పజెప్పను?

ఇప్పుడు పది మంది ఒక దగ్గర కూడాలంటే కాగితం కావాలట. దిబ్బ మిర్యాలగూడ వైపు ఉంది కాబట్టి అక్కడే అడగాలట. సూర్యాపేట కచేరీ ముందు కూర్చొని ఊరందరికీ అర్జీలు రాసేవాడివి, అక్కకు ఒకటి రాసిపెట్టు. గొర్రెల కట్టె వదిలి కలం పట్టినందుకు ఇంటికి అదన్నా లాభం కావాలి గదా.

అక్క, సత్తమ్మ

సూర్యాపేట
8 ఏప్రిల్ 1949

అక్కకు దండాలు. బుచ్చమ్మ రాత ముత్యాల్లా ఉంది, చెప్పు.

అర్జీ పట్టుకొని నేనే మిర్యాలగూడ పోయి వచ్చాను. ఆఫీసరు కొత్తవాడు, బయటి రాష్ట్రం నుంచి వచ్చాడు. చెడ్డవాడేం కాదు. గుంపు అనే మాట వింటేనే ఉలిక్కిపడుతున్నాడు. ఏ దేవుడు, గుడి ఎవరు కట్టారు, పూజారి ఎవరు అని వరసగా అడిగాడు. పేరు లేదు, గుడి లేదు, పూజారి లేడు అంటే, తాడూ బొంగరం లేని దేవుడా అని పక్కన గుమాస్తా నవ్వాడు. సర్కారు నక్షాలో అక్కడ ఉన్నది కంపచెట్ల దిబ్బ ఒక్కటేనట. జాతర పేరు చెప్పి ఎవరో మీటింగు పెట్టుకుంటున్నారేమో అని వాళ్ల అనుమానం. దిబ్బను చూసి రమ్మని ఈ నెలాఖరుకు ఒక మనిషిని పంపుతారు. ఆలోగా మీద ఉన్నదంతా తీయించి, కింద రాళ్లు కనబడేట్టు చేయించు.

ఇంకొక మాట. ఇక్కడ హన్మా అని ఒకాయన ఉన్నాడు. కొన్నేండ్ల కింద సర్కారు ఫణిగిరి గుట్ట తవ్వించినప్పుడు మట్టి మోశాడు. మన దిబ్బ అంచున మూరెడేసి ఇటుకలు ఉంటాయని చెబితే, ఫణిగిరిలోనూ అవే అన్నాడు. గ్రంథాలయంలో కూర్చునే రామనర్సయ్య పంతులును అడిగాను. వైశాఖ పున్నమి, రక్తం చిందించకపోవడం, దిబ్బను కుడిచేతి వైపు ఉంచి చుట్టూ తిరగడం, ఎవరు వచ్చినా కులం అడగకుండా అన్నం పెట్టడం, ఇవన్నీ విని ఆయన కండ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "మీరు మొక్కేది బుద్ధుడి స్తూపమయ్యా. పదిహేను వందల ఏండ్ల కిందటి యాత్ర మీది" అన్నాడు. ఆ పున్నమినాడే బుద్ధుడు పుట్టాడట. అర్జీలో బౌద్ధ స్తూపం అనే రాశాను. అక్కా, ఇంత పెద్దదాని పక్కన పుట్టి ఇన్నేండ్లూ తెలియకపోయె.

నీ తమ్ముడు, బిక్షపతి

అనంతగిరి పక్క ఊరు
14 ఏప్రిల్ 1949

బిక్షపతికి దీవెనలు.

నీ ఉత్తరం మూడుసార్లు చదివించుకున్నాను. మూడుసార్లూ కోపమే వచ్చింది.

మీద ఉన్నదంతా తీయించాలా? లంకెబిందెల కోసం పారలు పట్టుకొని వచ్చినవాళ్లను మన తాత దిబ్బ మీద అడ్డంగా పండుకొని ఆపాడు. "తవ్వాలంటే ముందుగాల నన్ను తవ్వుండ్రి" అన్నాడు. ఆయన మనవడు ఇవాళ సర్కారుతో కలిసి పార పట్టమని చెబుతున్నాడు. ఇది నేను రాయను అన్నది బుచ్చమ్మ. నేనే రాయించాను.

ఆ బుద్ధుడు ఎవరో నాకు తెలియదు. పెద్దవాడే అయి ఉంటాడు. కానీ నిమ్మళయ్యను పేరు అడగరాదు. తొవ్వ పట్టినప్పటి నుంచి మనుషుల పేర్లే అడగం, దేవుడి పేరు అడుగుతామా? నిమ్మళయ్య అనేది కూడా పేరు కాదు, అక్కడికి పోతే మనసు నిమ్మళం అయితదని అన్న మాట. నువ్వు పోయి ఆయనకు ఊరూ పేరూ పెట్టి, కాగితం మీదికి ఎక్కించావు. తొమ్మిదేండ్లయింది నువ్వు నడవక. నియమాలు మరిచిపోయావనుకుంటా.

పెద్ద ఆడమనిషిని నేను బతికుండగా దిబ్బ మీద పార పడదు.

సత్తమ్మ

సూర్యాపేట
19 ఏప్రిల్ 1949

అక్కకు దండాలు.

నేను తవ్వమనలేదు. కంప తీయించమన్నాను. తాత మనవడినని నాకూ యాదుంది. ఆయన దిబ్బ మీద పండుకున్నప్పుడు నీళ్లు తీసుకుపోయి ఇచ్చింది నువ్వని కూడా యాదుంది. అట్లాంటి దిబ్బను నేను అమ్ముకుంటానని ఎట్లా అనుకున్నావు? నడవక తొమ్మిదేండ్లయింది, నిజమే. ఎండాకాలం నాలుగు రోజులు ఇక్కడ లేకుంటే నా చెట్టుకింద ఇంకొకడు బల్ల వేసుకుంటాడు. అది వేరే మాట.

రాళ్లు కనబడకపోతే అనుమతి రాదు. ఉన్న మాట చెబుతున్నాను. పార ముట్టకుండా ఎట్లా చేస్తావో నీ ఇష్టం. వాళ్ల మనిషి ఇరవై ఆరున వస్తాడు. పుణ్యం పంతులుకు, తిట్లు నాకు.

బిక్షపతి

పాలకీడు
27 ఏప్రిల్ 1949

తమ్ముడికి దీవెనలు. కోపం తగ్గింది. ఎందుకో చెబుతా.

నీ ఉత్తరం అందిన పూటే నేను, కొడుకు కాశీరాం, బుచ్చమ్మ మందను తోలుకొని బయలుదేరి ఇరవై రెండునాటికి దిబ్బ పక్కన ఈ పాలకీడు చేరుకున్నాం. చిన్నమ్మ కూతురు జానమ్మ ఇంట్లో దిగాం. దిబ్బను చూస్తే నాకే భయం వేసింది. రెండేండ్ల కంప, మనిషి దూరే సందు లేదు. ఆ రాత్రంతా ఆలోచించి పొద్దున లేచి నవ్వుకున్నాను. మనం ఎవరం? మేక మేయని ఆకు ఉందా?

జానమ్మ మేకలు అరవై, పక్కింటి ఎర్రయ్యవి నలభై. అన్నింటినీ దిబ్బ మీదికి ఎక్కించాం. మొదటిరోజు ఆకు తిన్నాయి. రెండోరోజు చిగురు, లేత కొమ్మ, ముల్లుతో సహా. మూడోరోజుకు మోళ్లు మాత్రం మిగిలితే కాశీరాం చేత్తో విరిచాడు. వెనక నా గొర్రెలను తోలితే అవి గడ్డిని నేల దాకా గొరిగేశాయి. పార ముట్టలేదు, గొడ్డలి ముట్టలేదు. నాలుగో పొద్దుకు దిబ్బ స్నానం చేయించిన బిడ్డ లాగ బయటికి వచ్చింది.

తమ్మీ, అది దిబ్బ కాదు. గుండ్రంగా వరస మీద వరస ఇటుకలు. చుట్టూ నడిచే బాట, రాళ్లు పరిచి ఉంది. మనం ఏటేటా తిరిగే చోటనే, అడుగు తేడా లేదు. మట్టి కింద ఏముందో తెలియకుండానే మన కాళ్లు ఆ బాట మీదనే నడిచినై. తూర్పు దిక్కున ఒక రాయి మీద రెండు పాదాలు చెక్కి ఉన్నాయి. చెప్పులు లేని పాదాలు, అంటే ఆయన కూడా మన లెక్క నడిచినోడే. నేను అక్కడే కూర్చొని ఏడ్చాను. బాధతో కాదు.

నిన్న మిర్యాలగూడ మనిషి వచ్చి చూశాడు. "ఎవరు శుభ్రం చేసిండ్రు?" అని అడిగాడు. మేకలను చూపించాను.

పంతులుకు నా దండం చెప్పు. ఆయనకు పేరు తెలుసు, మనకు తొవ్వ తెలుసు. రెండూ ఉండనీ. పేరు మాత్రం ఆయన దగ్గరే ఉండనీ.

నిన్ను తిట్టిన మాటలు మనసులో పెట్టుకోకు. ఎల్లుండి ఇంటికి పోతాం.

అక్క

సూర్యాపేట
2 మే 1949

అక్కకు వెయ్యి దండాలు.

మేకల సంగతి కచేరీ ముందు అర్జీలు రాసే వాళ్లందరికీ చదివి వినిపించాను. హన్మా ఫణిగిరిలో ఎన్ని నెలలు మట్టి మోశాడో చెప్పి, వంద మేకలుంటే తన నడుము బాగుండేది అన్నాడు. పంతులు ఆ పాదాల సంగతి నాతో రెండుసార్లు చదివించుకున్నాడు.

అనుమతి ఇస్తామన్నారు. ఒక్క షరతు. నడిచేవాళ్లందరి పేర్లు, ఊరు, ఇంటిపేరు ముందుగా రాసి ఇవ్వాలి. దిబ్బ దగ్గర సిపాయి ఒకడు ఉండి జాబితాతో సరిచూస్తాడు. నీ నియమం నాకు యాదుంది, అందుకే ముందే చెబుతున్నాను. తొవ్వ పట్టకముందే ఇంటి దగ్గర రాసి ఇస్తే, తొవ్వలో అడిగినట్టు కాదు గదా. నేను సరే అని వచ్చాను. తొమ్మిదో తారీఖు మీరు బయలుదేరాలి. ఏడుకల్లా నేను జాబితా ఇచ్చెయ్యాలి. అందుకని ఇది కోదాడ బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను. జాబితా ఆయన చేతికే ఇచ్చి పంపు. జర బుద్ధిగా రాయమను బుచ్చమ్మను.

బిక్షపతి

అనంతగిరి పక్క ఊరు
4 మే 1949

బిక్షపతికి.

సరే అని వచ్చావా? ఎవరిని అడిగి?

ఇంటి దగ్గర రాస్తే తొవ్వలో అడిగినట్టు కాదా? నీళ్లు చేదకముందే విషం కలిపితే తాగినప్పుడు కలిపినట్టు కాదన్నట్టుంది నీ మాట. కచేరీ ముందు కూర్చొని కూర్చొని కచేరీ తెలివి నేర్చావు. తొవ్వలో వచ్చి కలిసేవాళ్ల పేరు ముందుగా ఎవరికి తెలుసు? ఊర్లు కాలి, మనుషులు పోయి, పేరు చెబితే ప్రాణానికే ముప్పు అని తిరిగేవాళ్లు ఇంకా ఉన్నారు. ఏటికి ఒక్కసారి అడుగుపెట్టిన వాళ్లకు అన్నం పెట్టి, నువ్వెవరివని అడగని చోటు ఒకటుంది. దానికి కూడా జాబితా కావాలా? కందకు లేని దురద కత్తిపీటకెందుకు? నిమ్మళయ్యకు అక్కరలేని పేర్లు ఆఫీసరుకు ఎందుకు?

అయినా నా తమ్ముడు మాట ఇచ్చి వచ్చాడు. నడిచేవాళ్ల పేర్లు కావాలన్నారు కాబట్టి పంపుతున్నాను. మనుషులవి చెప్పరాదు. గొర్రెలకు ఆ నియమం లేదు. అవీ నడుస్తాయి, వాటి పేర్లు నాకు తెలుసు. ముందు నా పేరు. ముంత పట్టేదాన్ని నేను, ఏం జరిగినా నన్ను పట్టుకోమను.

సత్తమ్మ. బొల్లి. జోడుచుక్కలది. కాటుకకండ్లది. కర్రె పొట్టేలు. దూది. నల్లచెవులది. దాని బిడ్డ. కొమ్మువిరిగింది. మిగతావి ఇంకో రెండు కాగితాల మీద బుచ్చమ్మ రాసింది. నేను కాక మొత్తం నూట నలభై మూడు. తప్పు లేదు, నేనే ఒక్కొక్కదాన్ని పట్టుకొని చెప్పాను.

నీ కాగితాలు పట్టుకొని నా తొవ్వకు రాకు.

సత్తమ్మ

సూర్యాపేట
7 మే 1949, సాయంత్రం

అక్కకు దండాలు.

నీ జాబితా చూసి మొదట చించేద్దామనుకున్నాను. నన్ను ఎక్కిరించడానికే రాయించావనుకున్నాను. ఆఫీసరు ముందు ఇది పెడితే మళ్లీ ఆ గడప ఎక్కనివ్వరు, నా బతుకుతెరువు అదే. పేర్లు నేనే పుట్టించి రాసేద్దామని కాగితం ముందు కూర్చున్నాను కూడా. కూర్చొని ఒక్క పేరూ రాయలేకపోయాను. నూట నలభై మూడు గొర్రెలను ఎండలో ఒక్కొక్కటి పట్టుకొని నువ్వు చెబుతుంటే నాకు కనబడ్డది. ఎక్కిరించేవాళ్లు అంత కష్టపడరు.

నీ జాబితానే ఉర్దూలోకి రాసి పట్టుకుపోయాను. ఆఫీసరు చదివి నాలుగో పేరు దగ్గర ఆగాడు. కాటుకకండ్లది ఎవరు అన్నాడు. గొర్రె అన్నాను. గుమాస్తా నవ్వబోతే ఆఫీసరు చెయ్యెత్తి ఆపాడు. అప్పుడు చెప్పాను. ఇరవై ఏండ్లుగా మంది గోడు చెబుతున్నాను గానీ, మన సంగతి ఏ కచేరీలోనూ చెప్పలేదు. "సాబ్, మావోళ్లు ఊరి పొలిమేరల కట్టెలు కింద పెట్టి నడుస్తరు. గొర్రెను కోసుకునే కులమే, గానీ దిబ్బ కాడ నెత్తురు సుక్క రాలనియ్యరు. ఎవరొచ్చినా బువ్వ పెడ్తరు, పేరు అడగరు. మీరు పేర్లు రాస్తే అది వేరే జాతర అయితది" అన్నాను. దిబ్బను చూసివచ్చిన మనిషి అక్కడే ఉన్నాడు. ఇటుకల సంగతి, పాదాల సంగతి, మేకల సంగతి తనంతట తనే చెప్పాడు. ఆఫీసరు కాగితం కింద రెండు వరసలు చేర్చి, సంతకం చేశాడు. షరతులు ఏవో ఉర్దూలో ఉన్నాయి, నీకు అక్కరలేనివి. సిపాయి అడిగితే కాగితం చూపించు, చాలు.

బస్సు డ్రైవరు చేతికి ఇస్తున్నాను, రేపు అందుతుంది. నువ్వు రావద్దన్నావు. మంచిగా నడవండి.

బిక్షపతి

అనంతగిరి పక్క ఊరు
18 మే 1949

తమ్ముడికి అక్క సత్తమ్మ దీవెనలు.

పోయి వచ్చాం. నిన్న పొద్దూకే వేళకు ఇంట్లో అడుగుపెట్టాం. కాళ్లు బొబ్బలు, మనసు నిమ్మళం.

తొమ్మిదిన పొలిమేరలో కట్టెలు దించినప్పుడు మేము ముప్పై మందిమి. హుజూర్‌నగర్ దాటేసరికి ఎనభై. పాలకీడు చేరేసరికి లెక్క మరిచాను. ఎవరు ఎక్కడినుంచి వచ్చారో తెలియదు, ఎవరూ అడగలేదు. కొందరి ఒంటి మీద కాలిన మచ్చలు ఉన్నాయి. అవి కూడా అడగలేదు.

పున్నమికి ముందురోజు పాలకీడులో సిపాయి వచ్చాడు. తెలుగు వచ్చినవాడే. ఒక చేతిలో నీ జాబితా, ఒక చేతిలో మా కాగితం. మందను రెండుసార్లు లెక్కపెట్టాడు. నూట నలభై నాలుగు వచ్చాయి. ఒకటి ఎక్కువ ఉంది, దీని పేరేమిటి అన్నాడు. తొవ్వలో ఈనిన పిల్ల అది, కాశీరాం భుజం మీద ఉంది. "అయ్యా, తొవ్వల పుట్టినదాన్ని పేరు అడగరాదు" అన్నాను. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు, అతనూ నవ్వాడు. తర్వాత మా కాగితం చదివి వినిపించాడు. నాకు అక్కరలేదని నువ్వు రాసిన షరతు కూడా చదివాడు. ఈ గుంపులో ఎవరు ఏ తప్పు చేసినా జామీను బిక్షపతిది, జైలు అతనికే అని ఉందట. కింద నీ సంతకం ఉందట.

నేను ఆ పూట బువ్వ తినలేదు. పేర్లు అడగవద్దని నేను కూర్చుంటే, అందరి పేర్ల బదులు నీ ఒక్క పేరు పెట్టి వచ్చావు. నాతో ఒక్క మాట అనలేదు. నేనేమో కాగితాలు పట్టుకొని రాకు అని తిట్టి పంపాను. రాకు అన్నది కాగితాలను రా, నిన్ను కాదు. కోపంలో అట్లా వచ్చింది. అది దిద్దుదామంటే అప్పటికే కట్టె దించి తొవ్వలో ఉన్నాను.

పున్నమి పొద్దున ముంత పట్టుకొని నేను ముందు, నా వెనక మంద, మంద వెనక జనం. ఆ రాతిబాట మీద మూడు చుట్లు తిరిగాం. డప్పు లేదు, కేక లేదు, కట్టె లేదు. గొర్రెల గిట్టల చప్పుడు ఒక్కటే. ఇన్నేండ్లూ మట్టి మీద పడ్డ అడుగు ఈ ఏడు రాయి మీద పడింది. పాదాల రాయి మీద గొర్రెపాలు పోశాను. నాయనమ్మ, అమ్మ ఇది చూడకుండా పోయారనిపించింది. నేను చూశాను, నా కోడలు చూసింది. ముంత దానికే ఇస్తాను.

అందరూ బంతిలో కూర్చున్నారు. మోదుగాకు విస్తర్లలో పాలబువ్వ వడ్డిస్తూ పోతున్నాను. సిపాయి కూడా టోపీ తీసి కూర్చున్నాడు. మూడో బంతి చివర ఒక మనిషి తలకు తువ్వాల కట్టుకొని, తల వంచుకొని ఉన్నాడు. చెప్పుల్లేవు. మడమలు పగిలి నెత్తురు కక్కుతున్నాయి, చాలా ఏండ్లకు నడిచిన కాళ్లు అవి. విస్తరి మీద చెయ్యి పెడితే వేలికి సిరా మరక.

నా గరిటె ఆగింది. నోటి దాకా వచ్చిన పిలుపును మింగాను. పేరు అడగని చోట చుట్టరికం కలిపి పిలిస్తే, పక్కన చుట్టం లేనివాడి బువ్వ చేదవుతుంది. ఆయనకు ఎంత పెట్టానో పక్కవాడికి అంతే పెట్టాను. ఒక్క మెతుకు ఎక్కువ పెట్టలేదు. ఆయన తలెత్తలేదు, తిన్నాడు, విస్తరి తీసుకొని లేచి జనంలో కలిసిపోయాడు. నా బతుకులో అంత కష్టమైన వడ్డన లేదు. ఇంతమంది ముందు నా తమ్ముడు నడిచి వచ్చాడని చెప్పుకోవాలని ప్రాణం కొట్టుకుంది. చెప్పుకోలేదు.

నిన్న పొలిమేరలో కట్టె మళ్లీ చేతికి తీసుకున్నాను. తొవ్వ ముగిసింది, నియమమూ ముగిసింది. ఇగ పిలవొచ్చు. ఈ మాట మాత్రం ఇస్త్రీ చేయకుండా నేను అన్నది అన్నట్టే రాయమని బుచ్చమ్మకు చెప్పాను.

తమ్మీ, మంచిగ నడిచినవ్ రా.

నీ అక్క
సత్తమ్మ